సన్యాసి బండ మీద కసిమిరో

మా చొరియ్యోస్ రేవులో చేపలు పట్టేవాళ్ళు, అమ్మేవాళ్ళు, వేయించేవాళ్ళు తప్ప వేరే పని చేసేవాళ్ళు తక్కువ. కసిమిరో చుంపితాజ్ మాత్రం చచ్చి చూపించే పని చేసేవాడు.

లీమా నగరం చూడటానికి వచ్చినవాళ్ళు పొద్దున చర్చీలూ పాత మేడలూ తిరిగి, మధ్యాహ్నానికి సముద్రపు గాలి కోసం మా వైపు వస్తారు. కొండ కొసన ఉన్న భోజనశాలలో కిటికీ పక్కన కూర్చుని నిమ్మరసంలో ఊరిన పచ్చి చేప తింటుంటారు. ఎదురుగా బండ మీదికి గోధుమరంగు అంగీ తొడుక్కున్న సన్యాసి ఒకడు వస్తాడు. రెండు చేతులూ బార్లా చాపుతాడు. నురగలు కక్కే నీళ్ళలోకి దూకేస్తాడు. వెనకటికెప్పుడో, ప్రేమించిన పిల్లని ఓడెక్కించి స్పెయిన్ పంపేస్తుంటే ఓ కుర్ర సన్యాసి అక్కణ్ణించే దూకి ప్రాణం తీసుకున్నాడట. ఆ కథని రోజూ భోజనాల వేళకి మళ్ళీ జరిపించడమే కసిమిరోకీ, అతని తమ్ముడు అబ్దియాస్‌కీ పని. ఒకరోజు అన్న దూకితే ఒకరోజు తమ్ముడు. దూకనివాడు కింద రాళ్ళ దగ్గర తాడు పట్టుకుని నిలబడేవాడు.

నాది పికరోనెస్ పొయ్యి. గుమ్మడికాయ, చిలగడదుంప కలిపిన పిండిని చిల్లుగారెల్లా నూనెలో వేసి, పాకం పోసి ఇస్తాను. ఆ భోజనశాల గేటు పక్కనే కూర్చుంటాను కనక వాళ్ళ దూకుళ్ళు నేను చూసినన్ని ఎవరూ చూసి ఉండరు. వాళ్ళమ్మ ఉర్సులా అయితే ఒక్కసారి కూడా చూడలేదు. ఆ వేళకి ఆవిడ ఇంట్లో తలుపేసుకుని రేడియో పెద్దగా పెట్టుకునేది.

కసిమిరో అట్టే మాట్లాడని మనిషి. అబ్దియాస్ అలా కాదు. నీళ్ళు కారుతున్న అంగీతోనే నా దగ్గరికి వచ్చేవాడు.

"ఫెలీ అక్కా, ఇవాళ రెండు ఎక్కువెయ్యి. చచ్చొచ్చాను, ఆకలేస్తోంది."

"చచ్చినోడికి పాకం ఎందుకురా, ఉత్తివి తిను."

"స్వర్గంలో పాకం పొయ్యరంటక్కా. అందుకే వెనక్కొచ్చేశా."

అది ఆగస్టు నెల. తెల్లారిందగ్గర్నించీ సన్నటి తుంపర. సముద్రం పోటు మీదుంది. మావాళ్ళెవరూ పడవలు దించలేదు. ఆ రోజు దూకే వంతు కసిమిరోది, కానీ అతనికి చెవిపోటు. పైన భోజనశాలలో ఉవాన్‌కాయో నుంచి కొండలు దిగివచ్చిన పెళ్ళిబృందం ఒకటి కూర్చుని ఉంది. వాళ్ళ మేళం వాళ్ళే తెచ్చుకున్నారు. అన్నదమ్ములిద్దరూ నా పొయ్యి దగ్గరే మాట్లాడుకున్నారు.

"వద్దురా. ఇవాళ నీళ్ళ వాలకం బాగోలేదు" అన్నాడు కసిమిరో.

"పెళ్ళికూతురు సముద్రం చూడ్డం ఇదే మొదలంట అన్నయ్యా. చూడు, అద్దానికి ముక్కు ఆనించుకుని ఎలా చూస్తోందో! ఒక్కసారి దూకేస్తా. నువ్వు కింద ఉంటావుగా."

కసిమిరో తాడు తీసుకుని కిందికి దిగాడు.

అబ్దియాస్ దూకడంలో తప్పేమీ లేదు. అల లోపలికొచ్చి బండ కింది గుంట నిండే అదను చూసుకునే దూకాడు. పైనవాళ్ళు చప్పట్లు కొట్టారు. మేళం మోగింది. అల వెనక్కి వెళ్ళింది, ఇంకోటి వచ్చింది. అబ్దియాస్ తేలలేదు. కసిమిరో తాడు వదిలేసి దూకాడు. పైకి తేలి మళ్ళీ మునిగాడు, మళ్ళీ తేలాడు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు పైన కూర్చున్నవాళ్ళు. చప్పట్లు ఇంకా జోరందుకున్నాయి. నేను పొయ్యి వదిలేసి లోపలికి పరిగెత్తి, "ఆపండి, మీకు పుణ్యముంటుంది, ఆపండి" అని అరిచాను. మేళం చప్పుడులో నా గొంతు ఎవరికి వినబడుతుంది? చివరికి ఆ పెళ్ళికూతురికే అర్థమైంది. లేచి నిలబడి రెండు చేతులతో నోరు మూసుకుంది.

వారం పైగా మా రేవు పడవలన్నీ వెతికాయి. శవం దొరకలేదు. ఉర్సులా కొడుకు చొక్కా, ప్యాంటు, బూట్లు మంచం మీద మనిషి పడుకున్నట్టు పరిచి, నాలుగు మూలలా కొవ్వొత్తులు పెట్టి జాగారం చేసింది. పాతిపెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు.

"గుడ్డల్ని పాతుతారా ఎవరైనా? వాణ్ణి తీసుకురండి, పాతుదాం" అంది.

కసిమిరో ఇక ఆ బండ జోలికి పోడనుకున్నాం అందరం. నెల తిరక్కుండానే, మళ్ళీ దూకుతానని భోజనశాలకి వెళ్ళి చెప్పొచ్చాడు. వాళ్ళు వద్దన్నా వినలేదు. పాత అంగీలు రెండూ పట్నంలో దర్జీ కుట్టినవి. ఒకటి అబ్దియాస్‌తోనే పోయింది, రెండోది ఆ రోజు కసిమిరో ఒంటిమీదే రాళ్ళకి చీలికలైపోయింది. కసిమిరో భార్య నేలిదా కొత్తది కుట్టనని తెగేసి చెప్పింది. అప్పుడు ఉర్సులా గుడ్డ తెప్పించి తనే కుట్టడానికి కూర్చుంది. ఇంట్లో గోధుమరంగు దారం లేకపోతే నల్లదారమే సూదికెక్కించింది.

నేలిదా నా ముందే అత్తగారిని నిలదీసింది. "సముద్రం ఒక్కణ్ణి మింగింది చాల్లేదా అత్తా? ఇంకోణ్ణి కూడా నీ చేత్తోనే తయారు చేసి పంపుతున్నావా?"

ఉర్సులా తలెత్తలేదు. "వాడు దూకడానికి పోవట్లేదే పిచ్చిదానా. తమ్ముణ్ణి వెతకడానికి పోతున్నాడు. నేను వద్దంటే మానేస్తాడా?"

నిజమే. అప్పట్నుంచీ కసిమిరో దూకితే వెంటనే తేలేవాడు కాదు. మునిగినవాడు మునిగినట్టే ఉండేవాడు. కింద రాతి సొరంగాలున్నాయి. వాటిలోకి చెయ్యి పెట్టి తడిమేవాడు. పైనవాళ్ళు ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. అతని తల కనబడగానే కుర్చీల్లోంచి లేచి మరీ చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇంత బాగా దూకేవాడు ఇదివరకెప్పుడూ లేడని పేరొచ్చింది. అతని కోసమే వేరే ఊళ్ళనించి జనం రావడం మొదలుపెట్టారు. తడి అంగీతో బల్లల మధ్య తిరుగుతుంటే భుజాల మీద చేతులేసి ఫొటోలు తీయించుకునేవాళ్ళు. కసిమిరో కెమెరా వైపు చూసేవాడు కాదు.

ఇంటికెళ్ళగానే ఉర్సులా గుమ్మంలో ఉండేది. అడిగేది కాదు. మొహంలోకి చూసేది. అతను తల అడ్డంగా తిప్పేవాడు. ఆవిడ లోపలికెళ్ళి పులుసు వేడి చేసేది. అలా ఏళ్ళు గడిచాయి. అతనికి ఒక చెవి పూర్తిగా పోయింది. నేలిదా రెండుసార్లు పుట్టింటికి వెళ్ళిపోయి రెండుసార్లూ తిరిగొచ్చింది.

"ఆయనతో ఉండలేనక్కా, వదిలేసీ ఉండలేను. పక్కన పడుకుంటే సముద్రం వాసనొస్తాడు" అని నా దగ్గర ఏడ్చింది.

ఒక ఆదివారం అతను ఎంతకీ తేలలేదు. మొదట భోజనశాలలో గుసగుసలు ఆగిపోయాయి. తర్వాత గ్లాసుల చప్పుడు కూడా ఆగింది. నేను దేవుణ్ణి తలుచుకుంటూ రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. ఎప్పటికో నీళ్ళమీద తల లేచింది. ముక్కులోంచి రక్తం. కుడి పిడికిలి బిగించి ఉంది. రాళ్ళమీదికి పాకి, తెరిచి చూసుకున్నాడు. గోధుమరంగు గుడ్డముక్క.

"దొరికాడక్కా! ఫెలీ అక్కా, తమ్ముడు దొరికాడు!" అని అరిచాడు. అన్నేళ్ళలో అతని గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు.

జనం చప్పట్లు కొట్టారు.

నేనూ అతని వెంటే ఇంటికి పరిగెత్తాను. గుమ్మంలో ఉర్సులా నిలబడి ఉంది. గుడ్డముక్క ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. నేనూ చూశాను. అంచున నల్లదారం కుట్టు. అన్నేళ్ళు ఉప్పునీళ్ళలో నానిన గుడ్డ అంత గట్టిగా ఉంటుందా? కసిమిరో అంగీ ఎడమచెయ్యి మోచేతి దగ్గర చిరిగి వేలాడుతోంది. సొరంగంలో రాతికి తగులుకుని అతని అంగీ చేతిముక్కే అతని పిడికిట్లోకి వచ్చింది. ఆ మైకంలో అతనికది తెలియలేదు.

నేలిదా కూడా చూసింది. నోరు తెరవబోయింది.

ఉర్సులా కొడుకు మొహం వైపు చూసింది. రక్తం గడ్డం మీదికి కారుతోంది. చిన్నపిల్లాడిలా వణుకుతున్నాడు.

"వాడిదే" అంది. "నా అబ్దియాస్‌దే. తెచ్చావు నాయనా. ఇక చాలు. ఇక వెళ్ళకు."

కసిమిరో ఆవిడ పాదాల దగ్గర కూలబడి ఏడ్చాడు. ఆవిడ అతని తల తడుముతూ నేలిదాకి ఆ చిరిగిన అంగీని కళ్ళతోనే చూపించింది. నేలిదా వెళ్ళి ఆ తడి అంగీ విప్పించి పెరట్లో కాల్చేసింది.

మర్నాడు గుడ్డముక్కని చిన్న పెట్టెలో పెట్టి కొండమీది శ్మశానంలో పాతాం. పాదిరీ ప్రార్థన చదివాడు. రేవంతా వచ్చింది. అబ్దియాస్ పేరుతో శిలువ నిలబెట్టారు. ఉర్సులా కంట నీరు పెట్టలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని నిలబడింది, అంతే. నాకు మాత్రం ఆవిడ వైపు చూడాలంటే భయమేసింది. కసిమిరోకి తమ్ముడు దొరికాడు. ఆవిడకి కొడుకు దొరకలేదు. ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేదు, నాతో కూడా.

కసిమిరో మా ఆయన పడవలో వలలు లాగే పనికి కుదిరాడు. ఆ బండకి ఇంకో మనిషి వచ్చాడు. రెండు చలికాలాలు తిరిగేసరికి ఉర్సులా మంచం పట్టి పోయింది. ఆఖరి రోజుల్లో రేడియో కూడా పెట్టమనలేదు. కిటికీ తెరిపించుకుని సముద్రం వైపు తిరిగి పడుకునేది. అబ్దియాస్ శిలువ పక్కనే ఆవిణ్ణీ పాతారు.

మట్టి సర్దాక కసిమిరో రెండు శిలువలకీ పూలు పెట్టి, లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఇప్పుడు ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు ఫెలీ అక్కా. అమ్మకిక దిగుల్లేదు" అన్నాడు.

నేలిదా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అవును తమ్ముడూ, ఇక దిగుల్లేదు" అన్నాను.

ముగ్గురం కొండ దిగి వచ్చాం.