గుడ్ ఫ్రైడే నాడు ఆరేసిన గుడ్డ

మా మేనత్త డోర్కాస్ గ్యారడ్ చేతులు ఎప్పుడూ నీళ్లలో నానినట్టు పాలిపోయి ఉండేవి. పదమూడో ఏట బట్టలుతకడం మొదలుపెట్టింది. సఫోక్ తీరాన, ఏటిమొగ దగ్గరున్న మా ఊళ్లో సగం ఇళ్ల దుప్పట్లు ఆమె చేతిలోనే తెల్లబడ్డాయి. సోమవారం ఉతుకు, మంగళవారం గంజి, బుధవారం ఇస్త్రీ. పెళ్లి చేసుకోలేదు. మా నాన్న వాల్టర్ ఆమెకు ఒక్కడే తమ్ముడు. వాళ్లమ్మ పోయేనాటికి ఆయనకు ఆరేళ్లు. పెంచింది ఆమే. తర్వాత ఆయన చేపల పడవెక్కాడు.

ఎవరింట్లో ఏం జరుగుతోందో బట్టలు ఆమెకు చెప్పేవి. ఆమె ఎవరికీ చెప్పేది కాదు.

బురదనేల అంచున ఉన్న పెద్దింట్లో మార్లింగులు ఉండేవాళ్లు. ఆ ఇంటి బట్టలు కూడా ఆమే ఉతికేది. కూలికి బదులు బాతుగుడ్లు ఇచ్చేవాళ్లు. ఏడేళ్లలో సముద్రం వచ్చి కింది అంతస్తును ముంచేస్తుందని కెప్టెన్ మార్లింగ్ నమ్మకం. అందుకని అందరినీ పైఅంతస్తుకు ఎక్కించాడు. ఏటివైపు కిటికీలన్నిటికీ పలకలు కొట్టించాడు. కింది హాల్లో ఒక పడవ పెట్టుకున్నాడు. కుర్చీలు అమ్మి పడవకు తారు కొన్నాడు. ఆయన భార్య భర్త సైన్యపు కోటు తొడుక్కుని, సగం తీగలు తెగిన హార్ప్ వాయించేది. ఉడకేసిన ముల్లంగిని వెండి పళ్లెంలో వడ్డించుకునేవాళ్లు. ఆ పళ్లెం అమ్ముడుపోయాక గిన్నెలోంచే తినేవాళ్లు.

"డోర్కాస్, ఈ గదిలో చేపలు ఈదే రోజు దగ్గర్లోనే ఉంది," అనేవాడట కెప్టెన్.

"ఈదనివ్వండి సార్. మా వాల్టరుకి దూరం పోయే బాధ తప్పుతుంది," అనేదట అత్త.

కూతుళ్లు ఇద్దరు. పెద్దది ఇసొబెల్, చిన్నది ఫెబీ. ఇసొబెల్ పోయిన చాలా ఏళ్లకు ఆమె డైరీని ఒక దూరపు బంధువు అచ్చు వేయించాడు. 1978 వేసవిలో దాన్ని సినిమాగా తీయడానికి జనం మా ఊరికి వచ్చారు. పాతకాలంలో బట్టలెలా ఉతికేవాళ్లో చూపించడానికి మనిషి కావాలన్నారు. ఊరంతా అత్త పేరు చెప్పింది. అప్పటికి ఆమెకు డెబ్బై ఏళ్లు. తోడుగా నేను వెళ్లాను.

వాళ్లు తెచ్చిన టేబుల్ గుడ్డను అత్త వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇది నైలాన్ బాబూ. దీనికి గంజి పట్టదు."

"తెర మీద తెలీదులే మామ్మా," అన్నాడు డైరెక్టరు.

ఫెబీ వేషం వేసిన పిల్లకు దండెం మీద గుడ్డ ఎలా వేయాలో అత్త నేర్పబోయింది. డైరెక్టరు నవ్వాడు.

"అక్కర్లేదు మామ్మా. ఈ పిల్ల గుడ్డ ఆరేయదు. అక్క ఆరేయమని పంపిస్తే, అసూయతో తీసుకెళ్లి పడవ కింద దాచేస్తుంది. కథంతా అక్కడే ఉంది."

"ఎవరు చెప్పారు?"

"అక్క డైరీలోనే ఉంది."

అత్త చేతిలోని చెక్క క్లిప్పులను బుట్టలో వేసింది. తల తిరుగుతోంది, ఇంటికి తీసుకుపొమ్మంది. ఇంట్లో అడుగు సొరుగు లాగి, కాగితంలో చుట్టిన ఒక గుడ్డ తీసింది. నేతలోనే పూలు దిద్దిన తెల్లటి నారగుడ్డ. మూల మీద నల్ల సిరాతో మార్లింగుల గుర్తు ఉంది. మడతల వెంట పసుపు చారలు పడ్డాయి.

"ఇదేంటత్తా?"

"కూర్చో," అంది.

1936. ఆ ఏడాది ఏటికి కొత్త కట్ట వేయడానికి స్ట్రాటన్ అనే సర్వేయరు వచ్చాడు. సముద్రం ఇంకో రెండొందల ఏళ్లకు గానీ రాదని కెప్టెన్ ఎదుటే అన్నాడు. కెప్టెన్ అతన్ని మెట్ల మీంచి గెంటేశాడు. అప్పటికే ఇసొబెల్‌కీ అతనికీ మాట కుదిరింది. అతనికి కెనడాలో పని దొరికింది. ఆమె వస్తానంటే ఆగి, తనతో తీసుకునే వెళ్తాడు. ఆమె ఆలోచించుకుంటానంది. ఉత్తరం రాస్తే కెప్టెన్ చింపేస్తాడు. అందుకని ఒక గుర్తు పెట్టుకున్నారు. గుడ్ ఫ్రైడే నాడు మా తీరంలో ఎవరూ బట్టలు ఆరేయరు. ఆ రోజు మార్లింగుల దండెం మీద తెల్లగుడ్డ కనిపిస్తే అది అతని కోసమే. అతను అవతలి గట్టు నుంచి చూస్తాడు. మర్నాడు ఏరు దాటి వస్తాడు. కనిపించకపోతే రైలెక్కుతాడు.

అత్తకు అప్పుడు ఇదేమీ తెలియదు. ఆమెకు తెలిసింది ఒక్కటే. బుధవారం వెళ్లిన పడవ ఇంకా తిరిగి రాలేదు. అందులో వాల్టర్ ఉన్నాడు. గుడ్ ఫ్రైడే నాడు దండెం మీద తడిగుడ్డ వేలాడితే సముద్రం ఒక మనిషిని పట్టుకుపోతుందని మా వాళ్ల నమ్మకం. ఆ రోజు పొద్దున గుడి నుంచి వస్తూ పాత కట్ట మీదికెక్కి చూసింది. గాలికి టపటపలాడుతూ తెల్లగుడ్డ.

"పెద్దింటి వాళ్లకేం తెలుసు ఆచారాలు? తీసేశాను. తీసి కోటులో దోపుకుని ఇంటికి పరిగెత్తాను. పొద్దుగూకేసరికి మీ నాన్న వచ్చాడు. వాణ్ణి నేనే తెచ్చుకున్నాననుకున్నా."

"అప్పుడు నీకు తెలీదు కదత్తా. నీ తప్పేముంది?"

"ఆగు. ఇంకా ఉంది."

మంగళవారం రేవులో ఏరు దాటించే పడవవాడు నవ్వుతూ చెప్పాడట. "ఆ సర్వేయరు శుక్రవారం మధ్యాహ్నం నుంచీ చీకటి పడేదాకా దుర్భిణి పట్టుకుని అవతల మా గట్టునే నిలబడ్డాడు. ఏం చూస్తున్నావయ్యా అంటే, తెల్లగుడ్డ అన్నాడు. గుడ్ ఫ్రైడే నాడు దండెం మీద గుడ్డట! కెప్టెన్ పిచ్చి వీడికీ అంటుకున్నట్టుంది. గురువారం లివర్‌పూల్లో ఓడెక్కుతాడులే, పీడా పోతుంది."

"మంగళవారం విన్నాను," అంది అత్త. "అప్పుడే అర్థమైంది ఆ గుడ్డ ఎవరికోసమో. ఓడ గురువారం. ఒక్క తంతి చాలు. ఆ ఇంటికి వెళ్లి ఒక్క మాట చెప్పినా చాలు. మెట్ల దాకా వెళ్లాను. పైన ఇసొబెల్ ఏడుస్తోంది. గుడ్డ నా సంచిలోనే ఉంది. దొంగ అంటారని భయం. అదొక్కటే కాదు. ఇచ్చేస్తే, వాల్టర్‌ని సముద్రానికి తిరిగి ఇచ్చేసినట్టే అనిపించింది. వెనక్కి తిరిగాను."

మూడేళ్ల తర్వాత స్ట్రాటన్ ఉత్తరం రాశాడు. అప్పటికి అతనికి పెళ్లయింది. చీకటిపడేదాకా చూశాను, గుడ్డ కనబడలేదు, అని రాశాడు. ఇసొబెల్ చెల్లెల్నే తప్పుపట్టింది. చనిపోయేదాకా ఆమెతో మళ్లీ సరిగా మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఫెబీ దగ్గరికి వెళ్లాం. ఆమె తీరం పక్కన చిన్న ఇంట్లో మేకలతో ఉంటోంది. వాళ్లమ్మ కోటే తొడుక్కుని ఉంది.

"డోర్కాస్! ఉతకడానికేమీ లేవే ఈ వారం. మేకల్ని ఉతుకుతావా?"

అత్త నవ్వలేదు. కాగితం విప్పి గుడ్డను బల్ల మీద పెట్టింది. ఫెబీ మూల తిప్పి గుర్తు చూసింది. కూర్చుంది.

అత్త అంతా చెప్పింది. మంగళవారం సంగతి కూడా వదలకుండా చెప్పింది. క్షమించమని మాత్రం అడగలేదు.

ఫెబీ గుడ్డ అంచు తడిమి అడిగింది. "ఎన్ని క్లిప్పులున్నాయి?"

"ఏంటి మిస్ ఫెబీ?"

"గుడ్డకి. నువ్వు తీసినప్పుడు."

"మూడు. చివర్న రెండు, మధ్యలో ఒకటి. తీసేటప్పుడు నా వేలు నలిగింది. అంత గట్టిగా పెట్టారు."

"మూడు," అంది ఫెబీ. "సాయంత్రం తీయడానికి వెళ్తే దండెం ఖాళీగా ఉంది. గాలికి పోయిందనుకున్నా. సరిగా పెట్టలేదనుకున్నా. అక్క అడిగితే భయపడి, తీసి లోపల పెట్టేశాను అన్నాను. ఆ అబద్ధం బయటపడ్డాక నా మాట ఏదీ నమ్మలేదు. నువ్వసలు ఆరేయనే లేదు, అనేది. ఎన్నిసార్లందంటే... చివరికి నాకే అనుమానం వచ్చింది డోర్కాస్. నాకూ అతనంటే ఇష్టమే. ఒకవేళ నేనే దాచానేమో అనుకున్నా."

"మూడు క్లిప్పులు, మిస్ ఫెబీ."

ఫెబీ నా వైపు చూసింది. "నువ్వు వాల్టర్ కూతురివి కదూ. ఏ ఏడాది పుట్టావు?"

"ముప్పై ఎనిమిది."

తలూపింది. లేచి తలుపు తీసి పట్టుకుంది. "గుడ్డ ఇక్కడ ఉంచి వెళ్లండి," అంది. టీ తాగమనలేదు.

అత్త అటునుంచి అటే డైరెక్టరు దగ్గరికి వెళ్లింది. అతను ఓపిగ్గా విన్నాడు. ఆ సీను షూటింగు నిన్ననే అయిపోయిందన్నాడు. పైగా బట్టలుతికే మనిషి వల్ల కథ మలుపు తిరిగిందంటే ఎవరికీ నచ్చదన్నాడు. సినిమా శీతాకాలంలో వచ్చింది. పక్క ఊరి హాల్లో జనం తెర మీది ఫెబీని చూసి ఛీ ఛీ అన్నారు. ఆఖరి వరసలో అత్త లేచి నిలబడి, "అబద్ధం," అంది. ముందు వరసవాళ్లు, "కూర్చో మామ్మా, కనబడ్డంలేదు," అన్నారు. ఆ తర్వాత ఆమె ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి జరిగింది చెప్పింది. కొందరు నమ్మారు. కొందరు మతి పోయిందన్నారు. చాలామంది వాళ్ల దుప్పట్లు వేరేచోట ఇవ్వడం మొదలుపెట్టారు.

మరుసటి ఏడు గుడ్ ఫ్రైడే వచ్చింది. నాన్న పడవ ఇప్పుడు మా తమ్ముడు నెడ్ నడుపుతున్నాడు. ఈ కాలం వాళ్లు శుక్రవారాలు చూడరు. వాడు సముద్రం మీదే ఉన్నాడు. గుడి నుంచి వస్తూ అత్తా నేనూ కట్ట ఎక్కాం. ఫెబీ ఇంటి ముందు దండెం మీద తెల్లగుడ్డ. చివర్న రెండు క్లిప్పులు, మధ్యలో ఒకటి.

"నెడ్ ఇంకా రాలేదత్తా," అన్నాను.

"తెలుసు."

చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని అక్కడే నిలబడింది. వాన మొదలైంది. పదమన్నాను, రాలేదు. గుడ్డ తడిసి బరువెక్కి కిందికి సాగింది. కిటికీలోంచి ఫెబీ మమ్మల్ని చూస్తూనే ఉంది. బయటికి రాలేదు.

చీకటి పడుతుండగా రేవులో పడవ దీపం కనబడింది. నేను పరిగెత్తి వెళ్లి చూసి వచ్చాను. నెడ్ నిక్షేపంగా ఉన్నాడు. చేపలు బాగా పడ్డాయని ఈల వేస్తున్నాడు.

"వచ్చేశాడత్తా!"

అత్త నా వైపు తిరగలేదు. దండెం వైపే చూస్తోంది.

"వచ్చాడా," అంది. "అయితే అప్పుడు వాల్టరు కూడా వచ్చేవాడే."