బొట్టు పెడితేనే అద్దెకు ఇల్లు

ఈ రోజు అరసవల్లిలో మా పక్క వీధి పోర్షన్ చూపించడానికి నర్సు కరుణమ్మను తీసుకెళ్లాను. ఆమె క్రైస్తవురాలు. బోసి నుదురు చూడగానే ఇంటాయన కళ్లు చిన్నవయ్యాయి. అద్దె ఇంటికి నుదురు తనిఖీ అన్నమాట!

"ఆదివారం మైకెట్టి పాటలు పాడతారేటి?"

"మైకెందుకు బాబూ, మా దేవుడికి సెవుడు లేదు."

ఆయన నవ్వాడు. "అయితే బొట్టెట్టుకోమ్మా. ఈదిలో ఎవులూ అడగరు."

నెలాఖరుకి ఆమె పాత ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇప్పటికే రెండిళ్లు ఇలాగే పోయాయి. "పెట్టేసుకోమ్మా, ఏం పోయింది?" అని చెవిలో గొణిగింది, సభల్లో లౌకికవాదం మీద గొంతు చించుకునే నేనే.

"అబద్దంతో గడప దాటి, లోపల ఏ మొకంతో ప్రార్థన సేస్తానండీ?" అని ఆమె గేటు వైపు నడిచింది.

ఇంటాయన లాంటివాళ్ల సంగతి ముందే తెలుసు. సాయంత్రం నుంచీ నామీదే అనుమానంగా ఉంది. మీరైతే ఏం గొణిగేవారో నిజం చెప్పండి.