రెండో మెత్త దాటిన తడి

జమ్మలమడుగు బడిలో ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెబుతున్న లలితకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఆ మధ్యాహ్నం ప్రొద్దుటూరు ఆసుపత్రి గదిలో మరీ చేతకాలేదు. పొద్దున భర్త సీతాపతి తొడలో గడ్డ కోసి తీశారు. అంతా బాగుందని చెప్పి డాక్టరు పులివెందులలో రోగులను చూడడానికి కారులో బయలుదేరారు. సీతాపతి మత్తులో ఉన్నాడు. లలిత కిటికీ దగ్గరికి వెళ్లింది, మంచం దగ్గరికి వచ్చింది, మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లింది. ఈసారి వచ్చి దుప్పటి ఎత్తితే కట్టు మీద రూపాయి బిళ్లంత ఎర్రటి తడి.

నర్సు మసరత్ వచ్చి చూసింది. దాని మీదే ఇంకో దూది మెత్త పెట్టి బిగించి కట్టింది.

"భయపడాకండి మేడమ్. కొంచెం సీప్ అవుతాది. బ్లీడింగ్ కాదు."

తెలిసిన మాట వినపడేసరికి లలితకు ప్రాణం కుదుటపడింది. తను పిల్లలకు చెప్పేదే. లీక్ అంటే ఎక్కడో బొక్క ఉంటుంది, అందులోంచి కారుతుంది. సీప్ అంటే బొక్క కనిపించదు. గోడలోంచి, గుడ్డలోంచి, మట్టిలోంచి నిదానంగా ఊరుతుంది.

నిదానంగా. సరే, ఎంత? ఎప్పటిదాకా? ఆ మాటలో ఆ రెండూ లేవు కదా! నిదానం అంటే కొంచెమేనని ఇన్నేళ్లూ తనే అనుకుంది, పిల్లలకూ అలాగే చెప్పింది. కుదుటపడిన ప్రాణం మళ్లీ కుదురు తప్పింది. దుప్పటి ఎత్తి చూసింది. కొత్త మెత్త పైకి కూడా ఎరుపు వచ్చేసింది. అంచు కదులుతున్నట్టు కనిపించదు, కానీ కళ్లు పక్కకు తిప్పి మళ్లీ చూస్తే పెరిగి ఉంటోంది.

"మసరత్! అమ్మా, బిరీన రా!"

మసరత్ పరుగున వచ్చి చూసి డాక్టరుకు ఫోన్ చేసింది. "సార్, సీతాపతి గారికి సీప్ అవుతాంది సార్..."

"మొదట్లో ఆ మాత్రం ఉంటాదిలేమ్మా," అన్న డాక్టరు మాట లలితకు వినిపించింది. ఆమె చెయ్యి చాచి ఫోన్ అందుకుంది.

"డాక్టరు గారూ, ఉత్త సీపింగ్ కాదు, సీపింగ్ త్రూ! మొదటి మెత్త దాటింది, ఇప్పుడు రెండోదీ దాటింది. ఆగేదే లేదు, ఊరుతానే ఉంది." గొంతు వరండాలోకి వినిపించేంత పెద్దదైంది.

అటువైపు కారు బ్రేకు వేసిన చప్పుడు వినిపించింది.

"కలమల్ల కాడ ఉండా. వెనక్కొస్తాండా. ఆపరేషన్ థియేటర్ రెడీ చేయమని చెప్పండి."

ఆయన వచ్చేదాకా మసరత్ రెండు అరచేతులతో గాయాన్ని అదిమిపట్టి నిలబడింది. లలిత మంచం చుట్టూ తిరుగుతూనే ఉంది. భర్తను లోపలికి తీసుకుపోయాక వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకు నడిచింది. ఎవరో కుర్చీ చూపిస్తే దండం పెట్టి నడిచింది.

డాక్టరు బయటికొచ్చి మాస్కు తీశారు. "లోపల చిన్న రక్తనాళం తెరుచుకునింది. కట్టేసినాం. ఇంక భయం లేదు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేది."

లలిత తల ఊపింది.

సాయంత్రం సీతాపతి కళ్లు తెరిచాడు. తనను రెండోసారి లోపలికి తీసుకుపోయిన సంగతే అతనికి తెలియదు.

"అంతసేపూ యాడికి పోయినావు? పిలిస్తే పలకవే."

"యాడికీ పోలేదు, ఈడనే ఉండా," అంది లలిత. మళ్లీ కిటికీ వైపు నడవబోయింది. మసరత్ ఆమె భుజాలు పట్టుకుని కూర్చోబెడితే, ఆ రోజుకు మొదటిసారి కూర్చుంది.