అమ్మమ్మ దింపిన ఫోటో

నా చిన్నప్పుడు నస్పూర్ బొగ్గుగని క్వార్టర్లలో ముసలివాళ్లు ఫోటో దిగడానికి ఒక పట్టాన ఒప్పుకునేవారు కాదు. పడుచువాళ్లు దిగితే ముచ్చట, ముసలవ్వ దిగితే దండకు ఏర్పాటు అని వాళ్ల లెక్క. ఆ లెక్క పూర్తిగా తప్పని కూడా అనలేం. చాలా ఇళ్లలో పెద్దవాళ్ల ఫోటో గోడెక్కేది వాళ్లు పోయిన తర్వాతే.

ఇప్పుడు నేనే ముసలిదాన్ని. ఫోటోలు తీయడమే జీవితమంతా నా పని. ప్రదర్శనలకు వచ్చే కుర్రకారు మీ గురువెవరు, మీకు స్ఫూర్తి ఎవరు అని అడుగుతుంటారు. ఏదో దేశంకాని దేశపు పేరు చెబుతానని ఆశగా చూస్తారు. మా అమ్మమ్మ అంటే వాళ్ల ముఖాలు కొంచెం చిన్నబోతాయి. మా అమ్మమ్మ తన జన్మలో తీసింది ఒక్కటే ఫోటో.

నాకు పాలపళ్లు ఊడే ఏడు, వానాకాలమంతా ఆమె జ్వరంతో మంచం పట్టింది. లేచి నాలుగడుగులు వేయగానే ఎలాగైనా ఆమె ఫోటో తీయించాలని మా అమ్మ పట్టుబట్టింది. మా తాత బొగ్గుబాయిలో పనిచేస్తూ, అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడే పోయాడు. ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు. అమ్మమ్మ అంటే అమ్మకు ప్రాణం, అందుకే ఆ భయం. నిజం చెబితే ముసలామె కదలదని తెలుసు కాబట్టి, ఆదివారం చర్చి కాగానే చీర కొందాం రమ్మని మంచిర్యాల బజారుకు తీసుకుపోయింది. పాస్టరుగారి ఆశీర్వాదం చెవుల్లో ఇంకా ఆరకముందే మా అమ్మ ఆడిన అబద్ధం అది. వెంట నేనూ ఉన్నాను.

స్టూడియో ఒక మేడ మీద ఉండేది. దాని యజమానిని ఊళ్లో పిల్లలమంతా ఫోటో చిచ్చా అనేవాళ్లం. గడ్డానికి గోరింటాకు పెట్టుకునేవాడు, మాటలో తెలుగూ ఉర్దూ సగం సగం. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా గోడనిండా పెద్ద పెద్ద ఫ్రేములు, వాటిల్లో ఊరి ముసలివాళ్లు. కొన్నిటికి దండలు కూడా ఉన్నాయి. అమ్మమ్మ ఆ గోడను ఒకసారి, అమ్మను ఒకసారి చూసింది. గుమ్మంలోనే కూలబడింది.

"గిందుకేనా నన్ను తోల్కచ్చింది? గోడకెక్కిచ్చెతందుకు గింత తొందరా? నేనింకా సావలే."

అమ్మ ముందు బుజ్జగించింది, తర్వాత కసిరింది. అమ్మమ్మ ఉడుం పట్టు పట్టుకుని కూర్చుంది. చివరికి అమ్మ కూడా ఆమె పక్కనే నేలమీద చతికిలబడింది.

"బాపు మొకం నాకు యాదికొస్తలేదవ్వా," అంది. "ఎంత కండ్లు మూసుకున్నా వస్తలేదు. నీది గూడ గట్లనే మర్సిపోతనేమోనని బుగులైతుంది."

అమ్మ అట్లా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అమ్మమ్మ ఆమె వీపు నిమిరింది కానీ లేవలేదు. ప్రేమ వేరు, గోడ వేరు.

చిచ్చా ఇదంతా చూస్తూనే ఉన్నాడు. బతిమాలే పని పెట్టుకోలేదు. మూడు కాళ్ల మీద నిలబెట్టిన కర్ర కెమెరాను సర్దుతూ, చాలా మామూలుగా అన్నాడు.

"నీ ఫోటో వద్దులే అవ్వా. జర గీ పొల్లది నువ్వే దింపు."

అమ్మమ్మ నమ్మలేదు. చిచ్చా నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, కెమెరా మీది నల్లగుడ్డ ఎత్తి ఆమెను రమ్మన్నాడు. ఆమె అనుమానంగానే లేచి, తల లోపలికి పెట్టింది. ఆ కెమెరా వెనక అద్దంలో మనిషి తలకిందులుగా కనబడతాడు. గుడ్డలోంచి చిన్నపిల్ల నవ్వులాంటి నవ్వు వినిపించింది. మనవరాలు గబ్బిలమైందని అమ్మను పిలిచి మరీ చూపించింది.

ఆ తర్వాత చిచ్చా గుడ్డ దించి, లోపల ఫోటో పడే ప్లేటు అమర్చి, కెమెరాకు రబ్బరు గొట్టంతో వేలాడే చిన్న బుడ్డిని ఆమె చేతికిచ్చాడు. అది నొక్కితే ఫోటో పడుతుంది, ఇష్టమైనప్పుడు నొక్కమన్నాడు. ఇక ఆయన పని అయిపోయినట్టు పక్కకు జరిగి నిలబడ్డాడు.

ఆమె వెంటనే నొక్కుతుందనుకున్నాను. నొక్కలేదు. బుడ్డి పట్టుకుని నావైపు చూస్తూ నిలబడింది. వచ్చి నా చెవి వెనక్కి వెంట్రుకలు దోపింది. వెనక్కి వెళ్లి మళ్లీ చూసింది. పాలపళ్లు ఊడిన సందు దాచుకుందామని నేను బిగపట్టిన మూతి సడలేదాకా ఆగింది. రోజూ ఆమె పక్కలోనే పడుకునేదాన్ని, ఆమె చేతి ముద్దే తినేదాన్ని. అయినా ఆమె నన్ను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు అనిపించి నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే నొక్కింది.

అప్పుడు కూడా చిచ్చా ఆమెను ఫోటో దిగమని అడగలేదు. నన్నే ఒక స్టూలెక్కించి నల్లగుడ్డ కిందికి పంపాడు. లోపల ఖాళీ బల్ల తప్ప ఏమీ లేదని నేను గునిశాను. అమ్మమ్మ ఒక్క క్షణం ఆగి, పిల్ల ముచ్చట తీరనీ అనుకుందో ఏమో, చర్చికి కట్టుకున్న తెల్లచీర కొంగు సర్దుకుని తానే వెళ్లి బల్ల మీద కూర్చుంది. ఎట్లున్ననే అని అడిగింది. ఆమె నవ్వుతోంది, కానీ అద్దంలో ఆ నవ్వు తిరగబడి ఉంది. ఏడుస్తున్నట్టున్నవ్ అని చెప్పాను. అది విని ఆమె ఉన్న నాలుగు పళ్లూ కనబడేలా నవ్వింది. చిచ్చా మరో ప్లేటు అమర్చి, దింపనా అని ఆమెనే అడిగాడు. నవ్వుతూనే కానిమ్మన్నట్టు చెయ్యి ఊపింది. బుడ్డి నా చేత నొక్కించాడు.

ఫోటో ఇంటికొచ్చాక చుట్టాలు పెదవి విరిచారు. ఆ రోజుల్లో ఫోటోలో నోరు తెరవడం మర్యాద కాదు. అమ్మ మాత్రం దాన్ని చాలాసేపు చూసి, గదే మా అవ్వ అంది. అమ్మమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఇంటికెవరొచ్చినా తన ఫోటో చూపేది కాదు. నాది చూపించి, గిది నేను దింపిన అనేది.

నేను కెమెరా పట్టిన నాటి నుంచి, ఎవరి ఫోటో తీయాలన్నా ముందు కెమెరా వాళ్ల చేతికిస్తాను. బాయి నుంచి షిఫ్టు దిగి వచ్చినవాళ్లకూ, చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్లకూ, వేములవాడ గుడిలో కోడెను కట్టి మొక్కు తీర్చుకునేవాళ్లకూ అంతే. వాళ్లు నన్ను తీశాకే నేను వాళ్లను తీస్తాను. అందుకే వాళ్లు నన్ను తీసిన ఫోటోలు నా దగ్గర గుట్టలుగా ఉన్నాయి. సగానికి తల తెగిపోయింది, మిగతా సగం వంకర. కొన్నిట్లో నేను నిజంగానే బాగుంటాను. అయినా చేతిలో బుడ్డి పట్టుకుని మా అమ్మమ్మ నన్ను చూసినంతసేపు మళ్లీ ఎవరూ చూడలేదు. ఎదుటి మనిషిని అంతసేపు చూడనిదే నేను కూడా మీట నొక్కను.