నిక్కరుతో దిగిన కొండ

అప్పట్లో మా వైపు మనిషి ఊరికే పరిగెడతాడంటే ఎవరూ నమ్మేవారు కాదు. పరిగెత్తాడంటే బస్సు వెళ్లిపోతున్నట్టు, చెరకుతోటకి నిప్పంటుకున్నట్టు, లేదా ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చినట్టు. ఒంటికి మంచిదని పొద్దున్నే కొండలెక్కి దిగడం పొలం పనివాళ్ల లెక్కలో తిన్నది అరగనివాళ్ల వేషం. (మా ముగ్గురి విషయంలో వాళ్లు పెద్దగా పొరబడలేదు.) మేం ముగ్గురం అనకాపల్లిలో ఒకే గదిలో ఉంటూ మందుల కంపెనీలో షిఫ్టులు చేసేవాళ్లం. మాలో ముందుగా పరుగు బూట్లు కొన్నవాడు కెప్టెన్ అయిపోయాడు. రెండోవాడు పకోడీ. ఆ పేరు ఎందుకొచ్చిందో వాడి పొట్ట చూస్తే ఎవరికైనా తెలిసేది. ఆదివారం వస్తే ఏదో ఒక కొండ మీద పడేవాళ్లం.

ఒకసారి కెప్టెన్ ఫోనులో కొత్త దారి చూపించాడు. చీడికాడ దాటాక కొండ, దాని మీదికి పశువులు నడిచే బాట, రెండు పక్కలా జీడితోటలు. "పైనుంచి సీనరీ అదిరిపోద్ది బావా" అన్నాడు. కొండకి అవతల దిగే ఊరి పేరు చదవగానే ఫోను వాడి చేతిలో పెట్టేశాను. పై ఆదివారం నేను పెళ్లిచూపులకి వెళ్లాల్సింది ఆ ఊరికే. ఆ సంబంధం మీద నాకు చచ్చేంత ఆశ. ఫోటోలో ఆ అమ్మాయి స్కూటీ పక్కన నిలబడి, కెమెరాని వదిలేసి పక్కనెవరినో చూసి నవ్వుతోంది. ఆ నవ్వు ఎవరికోసమో తెలియక రెండు రాత్రులు నిద్రపట్టలేదు. సంబంధం తెచ్చిన మా పెద్దమ్మ ముందే చెప్పింది: "అమ్మాయి నాన్న జీతం అడగలేదురా. కుర్రోడు కుదురైనోడేనా అని ఒకటే అడిగేడు."

"ఆ ఊరు మీంచి ఒద్దు బావా" అని బతిమాలాను. "అత్తోరూరు ముందే సూసినట్టుంటాది, రా" అన్నాడు పకోడీ.

వెళ్లాం. కొండ ఎక్కుతున్నంతసేపూ నాకు నా నారింజరంగు బూట్లూ రాళ్లూ తప్ప ఏమీ కనపడలేదు. పైకి చేరాక వాళ్లిద్దరూ చేతులు చాచి అటు సూడు, ఇటు సూడు అని అరుస్తుంటే, నేను మాత్రం కిందున్న ఊళ్లో నీలం వాటర్ ట్యాంకున్న డాబా కోసం వెతికాను. (వాళ్లింటికి పెద్దమ్మ చెప్పిన ఆనవాలు అదే.) దొరికింది. ఆ రోజు తీసిన ఫోటోలన్నిటిలో నా తల కిందికే ఉంది.

ఊరు దగ్గరపడుతుంటే మొహానికి జేబురుమాలు కట్టుకున్నాను. మోకాళ్లు దాటని నిక్కరుని మాత్రం ఏం చేయలేకపోయాను. మిగతా ఇద్దరూ ముందు వెళ్లిపోయారు. వెనకనుంచి ఒక పెద్దాయన బండి వచ్చి నా పక్కనే ఆగింది.

"ఏటైంది బాబూ? ఎవలికి బాగోలేదు?"

"ఎవరికీ కాదండి, ఊరికే..."

"ఊరికే ఎవలైనా పరిగెడతారేటి? ఎక్కు, దింపేత్తాను."

పెద్దవాళ్లు ఎక్కమంటే ఎక్కకుండా ఉండడం మా ఇళ్లలో నేర్పలేదు. ఎక్కాను. ఏ ఊరని అడిగితే అనకాపల్లన్నాను. "వచ్చే ఆదివారం మా అమ్మాయిని సూడ్డానికి ఆడ్నించే వత్తన్నారు. కుర్రోడు సానా కుదురైనోడంట" అన్నాడాయన. నేను జేబురుమాలు కళ్ల దాకా లాక్కున్నాను. బండి మా వాళ్లిద్దరినీ దాటుతుంటే పకోడీ "దొంగబావా, దిగు!" అని కేకేశాడు. బండి తిన్నగా నీలం ట్యాంకు డాబా ముందుకెళ్లి ఆగింది. మజ్జిగ తాగి వెళ్దువుగాని అంటున్నా వినకుండా, బండి దిగి మళ్లీ పరుగు లంకించుకున్నాను. వెనక ఆయన జాలిగా అనడం వినపడింది: "పాపం, ఎవలికో గట్టిగానే బాగోలేదు."

పై ఆదివారం ఇస్త్రీ ప్యాంటు వేసుకుని అదే డాబాలో కూర్చున్నాను. మా అమ్మ "మావోడు గది దాటి కదలడండీ" అని మొదలుపెట్టింది. ఆయన మాత్రం గుమ్మం దగ్గర నేను విడిచిన నారింజరంగు బూట్లని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. (ఉన్న ఒక్క మంచి జత అవే మరి.)

"బాబూ, ఆ రోజు ఎవలికో బాగోలేదు గదా. ఇప్పుడెలాగుంది?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "ఎవరికీ ఏం కాలేదండి. ఊరికే పరిగెత్తాను" అన్నాను. అమ్మ మొహం మాడిపోయింది. సంబంధం చేజారిపోయిందనే అనుకున్నాను. అప్పుడు ఆ అమ్మాయి తల ఎత్తి అడిగింది.

"పైనుంచి ఏటి కనపడతాదండి? పుట్టినప్పట్నుంచీ ఈ కొండ కిందే ఉన్నాను. జీడిపిక్కలు ఏరడానికి సగం దాకా ఎళ్లేను. ఆపైకి ఎవరూ తీసుకెళ్లలేదు."

కెప్టెన్ చూపించినవేవీ నాకు గుర్తులేవు. "మీ వాటర్ ట్యాంకు కనపడిందండి" అన్నాను.

"ఇంకా?"

"ఇంకేం చూడలేదండి."

ఆ అమ్మాయి ఫోటోలో నవ్విన నవ్వే నవ్వింది. ఈసారి ఎవరికోసమో నాకు తెలుసు. ఆయన ఒకసారి దగ్గి మా పెద్దమ్మ వైపు తిరిగి "కుదురైనోడే" అన్నాడు.

ఇప్పుడు ఏటా చలికాలంలో మేమిద్దరం ఆ కొండ ఎక్కుతాం. తను ముందు వెళ్లిపోతుంది, నేను జీడితోటల దగ్గర కూలబడి మోకాళ్లు పట్టుకుంటాను. పైకి చేరాక చెరకుతోటలూ, ఎండలో మెరిసే నీళ్లూ, దూరంగా రోడ్డూ తను ఒక్కొక్కటే చూపిస్తుంది, నేను తల ఊపుతాను. మామగారు పోయినేడు నీలం ట్యాంకు తీయించి నల్లది పెట్టించారు. అయినా పైకి రాగానే నా కళ్లు నీలం కోసమే వెతుకుతాయి. ఒరే, ఒక్కసారి తల తిప్పి చుట్టూ చూడరా అని ఆ నిక్కరు కుర్రాడికి చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వాడు వినడు.