సబార్డినేట్ అనే మాట నాకు తెలిసిన రోజు

మొన్న పొద్దున పక్కింటి అమ్మాయి అరుగు మీద కూర్చుని ఇంగ్లీషు మాటలు బట్టీ పడుతుంటే, అందులో సబార్డినేట్ అన్నది చెవిన పడి, చేతిలోని చాయ్ చల్లారేదాకా అట్లాగే ఉండిపోయాను. ఆ పిల్ల అర్థం ఒక్క ముక్కలో చెప్పేసి తరువాతి మాటకు పోయింది. నాకు అంత తేలికగా రాలేదు.

నిజామాబాదు ఉర్దూ బడి నాలుగో జమాతులోనే నాతో విసిగిపోయింది. బోధన్ దిక్కు చక్కెర కార్ఖానా లేచిన కొత్తలో, చెరకు బండ్లను వరుసలో నిలబెట్టే పనికి కుదిరాను. మధ్యాహ్నం బండి నీడన అందరం రొట్టెలు విప్పేవాళ్లం. ఉల్లిగడ్డ వాళ్లది, ముచ్చట్లు నావి. వేల్పూరు నుంచి అదే పనికి వచ్చి నా గదిలోనే ఉండే ఒకాయనను, చుట్టరికం లేకున్నా, అన్న అనేవాణ్ణి. నా ముచ్చట పాతదైతే చాలు, "అరేయ్, గిది పాసిపోయిందిరా, ఇంకోటి తియ్యి" అని నడుమనే ఆపేవాడు. ముందూ వెనుకా ఎవరూ లేని నాకు ఆ చీవాట్లే ఇల్లు.

మరుసటి సీజనులో నన్ను జమేదారును చేశారు. పనికి ఎవరిని పిలవాలో, ఎవరిని వద్దనాలో ఇక నా నోటి మాటే. నేను బండి నీడన తినడం చూసి కార్ఖానా దొర ఇంగ్లీషులో ఏదో గొణిగితే, అందులో సబార్డినేట్ ఒక్కటే చెవికి అంటుకుంది. గుమాస్తాను అడిగాను.

"మాతహత్ అన్నట్టు. నీ చేతికింది మనుషులు. వాళ్లతోని కూసోని తినకు అంటుండు."

నాకు నవ్వాగలేదు. నా గురక భరించలేక కాలితో తన్నే అన్న నా చేతికింది మనిషా? చెబితే ఎంత ఏడిపిస్తాడో అనుకుంటూ రొట్టె మూటతో మామూలుగానే పోయాను.

నేను కూర్చోగానే అందరూ జరిగి, నలుగురికి సరిపోయే చోటిచ్చారు. అన్న ఎన్నోసార్లు తిట్టిన పాత ముచ్చటే ఎత్తుకున్నాను. రొట్టె గొంతుకు అడ్డుపడి సగంలో ఆగాను. నవ్వు పుట్టే చోటు ఇంకా రానేలేదు. అయినా అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా అన్న నవ్వాడు.

"మంచిగ చెప్పిండ్రు, జమేదార్ సాబ్."

"ఇంకా కాలేదే అన్నా. తిట్టవేంది?"

"తిడితె ఎట్ల? మాకు పిల్లలున్నరు" అని చేతులు దులుపుకుని లేచాడు. అందులో వెటకారం లేదు, అదే నన్ను కోసింది.

ఆ వారంలోనే గది మారాడు. ఆ తరువాత రేకుల షెడ్డులో కుర్చీ వేయించుకుని ఒంటరిగా తిన్నాను. ఆయన పసుపు పనులకు వేల్పూరు పోయి, నేను పంపిన కబురుకు సలాము మాత్రం చెప్పి పంపాడు.

ఇప్పుడు ఆఫీసుల్లో పిల్లలు పైవాణ్ణి పేరు పెట్టి పిలుస్తారట, పక్కనే కూర్చుని తింటారట. సంతోషమే. మన ఈడువాళ్లకు మాత్రం వయసే పెద్ద హోదా అయి కూర్చుంది. నేను నోరు తెరవగానే ఇంట్లో అందరూ మర్యాదగా నవ్వుతారు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, మిగిలిన సగం నాలో నేనే చెప్పుకుంటాను.