గుహమనిషి అనే తిట్టు

కుదరబోయే పెళ్లిని చెడగొట్టుకోవడానికి లోకంలో చాలా దారులున్నాయి. నేను మాత్రం కాబోయే మామగారిని చెయ్యి పట్టుకుని కొండ ఎక్కించి మరీ ఆ పని చేయబోయాను. నవ్వదలచినవారు నవ్వవచ్చు. మా వంశంలో నవ్వే ఆచారం లేదు కనుక నేను చూస్తూ కూర్చుంటాను.

మాది పెనుకొండ. మా ముత్తాత గుర్రం దిగకుండానే ఊరంతా తిరిగేవారట. నా కాలానికి గుర్రం లేదు, గుర్రపుశాల లేదు, నిటారు నడుము మాత్రం మిగిలింది. చింత చచ్చినా పులుపు చావదంటారు. మా ఇంట్లో చింత చచ్చి, వంటచెరకై, బూడిదై, ఆ బూడిదతో గిన్నెలు తోముకున్నాక కూడా పులుపు చుక్కంతైనా తగ్గలేదు.

కాలేజీ చదువంతా కరిగిపోగా నాకొక మాట మిగిలింది: గుహమనిషి. పుస్తకంలో ‘ఆదిమానవుడు’ అని మర్యాదగానే రాశారు. రాయి చెక్కుకుని, నిప్పు రాజేసుకుని బతికిన ఏ కాలపు మనిషో పాపం! మేం కుర్రవాళ్లం ఆ మర్యాద ఊడబెరికి దాన్ని తిట్టు చేసుకున్నాం. గట్టిగా తుమ్మినవాడు గుహమనిషి. తల దువ్వనివాడు గుహమనిషి. హిందూపురం బస్సులో నా కాలు తొక్కినవాడు గుహమనిషి. తొక్కి, అయ్యో అన్నవాడు బాగుపడుతున్న గుహమనిషి.

అలాంటి రోజుల్లో, ధర్మవరంలో పిల్లలకు చరిత్ర చెప్పే అశ్వత్థప్పగారు తమ కూతురికి నన్ను చూడడానికి వచ్చారు. ఆ అమ్మాయిని అంతకుముందే ఒక పెళ్లిలో చూశాను. ఆమె ఒక్క నవ్వు నవ్వితే మా వంశపు నడుము మొదటిసారి వంగింది. ఈ సంబంధం తప్పితే నాకు సన్యాసమే. ఆయనకు పాత రాళ్లంటే ప్రాణమని విని, చిన్నప్పుడు సీతాఫలాల కోసం మా ఊరి కొండ ఎక్కినప్పుడు చూసిన గుహకు తీసుకుపోయాను.

“చూడండి సార్! కప్పుకు మసి. మూడు పొయ్యి రాళ్లు. బండలో రోలు గుంత. సాక్షాత్తు గుహమనుషుల కాపురం!”

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. “ఏమబ్బా, నిజంగా అంత పాతదంటావా?”

“అనుమానమెందుకు సార్? స్నానం ఎరగరు, సిగ్గు ఎరగరు. ఇట్లాంటి చోటే పుట్టి, ఇట్లాంటి చోటే గుర్రుపెట్టినవాళ్లు. ఈ బొమ్మ చూడండి.”

గోడమీద ఎర్రమన్నుతో గీసిన బొమ్మ. గుండ్రటి తల, దానికి అటూ ఇటూ పైకి లేచిన రెండు కొమ్ములు.

“ఏం జంతువబ్బా ఇది?”

“అడవి దున్న సార్. మొహం చూస్తేనే తెలియడం లేదా? బుర్ర తక్కువ, పొగరు ఎక్కువ.”

ఇంటికి వచ్చేసరికి నాయన తలపాగా చుట్టుకుని కుర్చీలో కొయ్యలా కూర్చుని ఉన్నారు. అవ్వ మజ్జిగ తెచ్చింది.

“అవ్వా, మీ మనవడు ఈపొద్దు గుహమనుషుల ఇల్లు చూపించినాడు” అన్నారు అశ్వత్థప్పగారు.

“అట్లంటే ఎవరప్పా?”

నేను అందుకున్నాను. “గుహల్లో పుట్టిన మొరటోళ్లవ్వా. మనలాంటి వంశాల గాలి కూడా సోకనివాళ్లు.”

“యాడుండాది ఆ గుహ?”

“కొండకు పడమటి పక్క, రెండు గుండ్ల నడుమ.”

“పొయ్యి రాళ్లు మూడుండాయా? గోడకు బొమ్మ ఉండాదా?”

నాయన దగ్గారు. మా ఇంట్లో ఆయన దగ్గితే గోడ గడియారం కూడా ఆగాలి. అవ్వ ఆగలేదు.

“అది మన ఇల్లు కదరా! ప్లేగు వచ్చి ఎలుకలు రాలతాంటే ఊరోళ్లంతా బయట గుడిసెలేసుకునిరి. నలుగురి పక్కన గుడిసెలో ఉండేది మన అంతస్తుకు తగదని మీ తాత నన్ను తీసకపోయి ఆ గుహలో పెట్టినాడు. మీ నాయన పుట్టింది ఆడనే!”

అందరం నాయన వైపు చూశాం. ఆయన మరో అంగుళం నిటారుగా లేచారు. ఈ సంగతి ఇంట్లో ఎత్తకూడదని ఆయన ఎప్పుడో శాసించారని నాకు ఆ తర్వాత తెలిసింది.

“మరి ఆ అడవి దున్న, అవ్వా?” అన్నారు అశ్వత్థప్పగారు మెల్లగా.

“దున్న యాడిదప్పా! పిల్లోడు ఏడుస్తాంటే ఆడించేదానికి నేనే గీసినా. అది వీళ్ల తాత. అవి కొమ్ములు కాదు, మీసాలు!”

అశ్వత్థప్పగారు మజ్జిగ లోటా కింద పెట్టి, రైలుకు వేళైందని లేచారు. నా సంసారం మొదలు కాకుండానే కాషాయం కట్టిందనుకున్నాను. ఆయన వాకిట్లో ఆగి, కళ్లజోడు తీసి, కళ్లు ఒత్తుకున్నారు. అప్పుడు అర్థమైంది, మనిషి అంతసేపూ నవ్వు బిగబట్టుకుని ఉన్నాడని.

“ఏమబ్బా, పాత వంశం కావాలని మా ఇంట్లో ఒకటే పోరు. రాయల కాలందాకా పోతే చాలనుకుంటి. మీది రాతియుగం దాకా పోతాదని ఎవరికి తెలుసు? ఇంతకన్నా పాతది నాకు యాడ దొరుకుతాది? ముహూర్తం పెట్టించండి.”

పెళ్లయింది. ఆనాడు పెనుకొండ వైపు తిరిగి, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను: బతికున్నంతకాలం ఎవరినీ గుహమనిషి అనను. దారినపోయే ప్రతివాడికీ మా ఇంటి బిరుదు ఎందుకివ్వాలి?